వినికిడి లోపం: చెకోవ్ కథల్లో నవ్వూ చావూ

నాటకశాలలో రెండో వరుసలో కూర్చుని, బైనాక్యులర్స్‌తో సంగీతనాటకం చూస్తున్న ఒక గుమాస్తాకు తుమ్ము వస్తుంది. తుమ్మి చుట్టూ చూస్తే, ముందు వరుసలోని ముసలాయన చేతితొడుగుతో తన బట్టతలనూ మెడనూ తుడుచుకుంటూ కనిపిస్తాడు. ఆ ముసలాయన రవాణాశాఖలో పెద్ద అధికారి, హోదాకు జనరల్. గుమాస్తా ముందుకు వంగి క్షమించమంటాడు. పరవాలేదంటాడు జనరల్. విరామంలో మళ్ళీ వెళ్ళి క్షమించమంటాడు. ఆ సంగతి తాను ఎప్పుడో మరచిపోయానంటాడు జనరల్. మర్నాడు క్షవరం చేయించుకుని, కొత్త యూనిఫారం తొడుక్కుని, జనరల్ ఇంటికి వెళ్ళి, అర్జీదారుల నడుమ నిలబడి మళ్ళీ అదే మాట. ఆయన లోపలి గదుల్లోకి పోతుంటే వెంటపడి మళ్ళీ అదే మాట. ఆ మరుసటిరోజు ఇంకోసారి. ఈసారి జనరల్ వణికిపోతూ బయటికి పొమ్మని అరుస్తాడు. గుమాస్తా కడుపులో ఏదో తెగిపోతుంది. ఎలా నడిచాడో తెలియకుండా ఇల్లు చేరి, యూనిఫారం విప్పకుండానే సోఫా మీద పడుకుంటాడు. పడుకుని, చచ్చిపోతాడు.

అంతోన్ చెకోవ్ రాసిన 'గుమాస్తా మరణం' ఇంతే. 1883లో పీటర్స్‌బర్గ్ హాస్యవారపత్రిక 'అస్కోల్కి'లో అచ్చయింది. చదవడానికి ఐదు నిమిషాలు పట్టదు. చివరి మాట దగ్గర పాఠకుడికి నవ్వొస్తుంది. నవ్వినందుకు వెంటనే సిగ్గూ వేస్తుంది. ఆ నవ్వుకూ ఆ సిగ్గుకూ మధ్య ఏం జరిగిందన్నదే ఈ వ్యాసం పట్టించుకునే విషయం.

మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు వేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికిన కాలంలో రష్యన్ సాహిత్యానికి అలవాటుపడిన తరానికి ఈ కథ తాళంచెవి ముందే చేతిలో ఉండేది. జార్ కాలపు అధికార వ్యవస్థ, దాని కింద నలిగిన చిన్నమనిషి. గొగోల్ 'ఓవర్‌కోటు'లోని గుమాస్తాకు ఇతడు తోడబుట్టినవాడు. ఈ చదువులో మర్యాద ఉంది, జాలి ఉంది. కథలో ఉన్నదేమిటో చూసే ఓపిక మాత్రం కాస్త తక్కువ. గొగోల్ కథలో 'ప్రముఖ వ్యక్తి' నిజంగానే గద్దిస్తాడు. అర్జీతో వచ్చిన అమాయకుడి మీద తన హోదా ప్రదర్శిస్తాడు. చెకోవ్ జనరల్ చేసిన తప్పేమిటి? అడిగిన ప్రతిసారీ పరవాలేదన్నాడు. మొదట మర్యాదగా, తర్వాత విసుగ్గా, ఆ తర్వాత తనను వేళాకోళం చేస్తున్నారా అన్న అనుమానంతో. పైగా అతడు ఈ గుమాస్తాకు అధికారి కూడా కాదు. ఇంటికి వెళ్ళి సంగతి చెప్పినప్పుడు భార్య మొదట భయపడుతుంది. జనరల్ 'వేరే శాఖ'వాడని తెలిశాక స్థిమితపడుతుంది. అయినా ఒకసారి వెళ్ళి క్షమాపణ చెప్పిరమ్మనే సలహా ఇస్తుంది, లేకపోతే నలుగురిలో ఎలా మసలుకోవాలో తెలియని మనిషి అనుకుంటారని. ఆ ఇంటి సంసారమంతా ఆ రెండు మాటల్లో ఉంది.

గుమాస్తా పేరు చెర్వ్యకోవ్. రష్యన్ భాషలో పురుగు అనే మాట నుంచి పుట్టిన పేరు. ఇలాంటి పేర్లు పెట్టడం ఆనాటి హాస్యపత్రికల్లో మామూలే. విశేషం పేరులో లేదు. తనను తొక్కడానికి సిద్ధంగా లేని బూటు కోసం వెతుక్కుంటూ తిరిగిన పురుగు ఇది. జనరల్ క్షమించాడు, చెర్వ్యకోవ్‌కు వినబడలేదు. నోటితో పరవాలేదన్నా కళ్ళలో కోపముందని అతడి నిశ్చయం. చివరికి నిజంగానే కోపంతో అరిచినప్పుడు, తాను మొదటినుంచీ ఎదురుచూస్తున్న మాట అతడికి స్పష్టంగా వినబడింది.

చీకటి హాస్యమనగానే తెలుగులో 'ఏడవలేక నవ్వడం' అన్న నుడికారం గుర్తొస్తుంది. చెకోవ్ కథలకు అది సరిపోదు. ఏడవలేక నవ్వేవాడికి తన దుస్థితి తెలుసు. నవ్వు అతడి చేతిలోని పనిముట్టు. చెకోవ్ మనుషులు దాదాపుగా నవ్వరు. మహా గంభీరంగా తమ గోడు చెప్పుకుంటారు. ఎదుటివాడు ఆ గోడులో సగం వింటాడు, లేదా ఇంకేదో వింటాడు, లేదా అసలు వినడు. ఒక్కోసారి చెప్పుకునేవాడే జవాబు వినడు. ఈ వినికిడి లోపమే హాస్యానికి పుట్టిల్లు, చావుకు దారి కూడా. ఈ కథలు అన్యాయాన్ని చూపించవని కాదు. అన్యాయం చాలాసార్లు దుర్మార్గుడి అవసరం లేకుండానే, ఇద్దరు మామూలు మనుషుల మధ్య ఒక మాట సరిగా చేరకపోవడంవల్లే పూర్తవుతుందని చూపిస్తాయి.

ఈ చూపుకు కారణాలు రచయిత జీవితంలో వెతకడం తేలిక, తేలిక కాబట్టి కాస్త జాగ్రత్తా అవసరం. చెకోవ్ 1860లో తగన్‌రోగ్ అనే రేవుపట్టణంలో ఒక చిల్లర దుకాణదారుడికి పుట్టాడు. తాత భూదాసుడు, 1841లో డబ్బు చెల్లించి కుటుంబాన్ని విడిపించుకున్నాడు. 1876లో తండ్రి దివాళా తీసి మాస్కోకు పారిపోయాడు. 1879లో కొడుకు మాస్కో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. ఇల్లు గడవడానికి హాస్యపత్రికలకు రాయడం మొదలుపెట్టాడు. 'అస్కోల్కి' సంపాదకుడు లేకిన్ ఇచ్చింది పంక్తికి 8 కోపెక్కులు, పెట్టిన హద్దు సుమారు 100 పంక్తులు. అంతోషా చెహొంతె అన్న పేరుతోపాటు 'రోగులు లేని వైద్యుడు', 'ప్లీహం లేని మనిషి' వంటి మారుపేర్లూ వాడాడు. 1884లో వైద్యపట్టా వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో తొలిసారి నోటివెంట రక్తం పడింది.

వైద్యుడు కాబట్టి మనిషిని 'నిర్లిప్తంగా' చూశాడని సాహిత్యచరిత్రల్లో తరచు కనిపించే మాట. వైద్యవిద్య నేర్పే మొదటి పని చూడటం కాదు, వినడం. రోగి చెప్పినదాన్ని రోగి మాటల్లోనే రాసుకోవాలి. ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, మధ్యలో ఏం జరిగింది అని వరస తప్పకుండా అడగాలి. రోగనిర్ణయాన్ని ముందే మనసులో పెట్టుకుని వినకూడదు. ఈ చివరి నియమం ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. చెకోవ్ తొలి కథలు ఆ నియమాన్ని పాటించలేనివాళ్ళ కథలు.

చెర్వ్యకోవ్ ఎందుకు చచ్చిపోయాడన్న ప్రశ్న వైద్యులకు సహజంగా తడుతుంది. తీవ్రమైన మనోవేదన గుండె కండరాన్ని హఠాత్తుగా దెబ్బతీసే 'టాకోత్సుబో' అనే స్థితిని 1990లో జపాన్ వైద్యులు వర్ణించారు. ఆ పేరుకు అర్థం ఆక్టోపస్‌లను పట్టే కుండ. ఈ గుమాస్తాకు ఆ పేరు అతికించవచ్చు. అతికిస్తే కథ పోతుంది. పట్టా పరీక్షకు ఏడాది దూరంలో ఉన్న విద్యార్థి కావాలనే గుండె అనకుండా కడుపు అన్నాడు, తెగింది ఏమిటో చెప్పలేదు. కారణం దొరికితే పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఆ వెసులుబాటును రచయిత ఇవ్వదలచుకోలేదు.

1885 నాటి 'నేరస్థుడు' కథలో ఇదే లోపం న్యాయస్థానానికి చేరుతుంది. దెనీస్ గ్రిగోర్యెవ్ అనే బక్కచిక్కిన పల్లెటూరి రైతు రైలుపట్టాలను బిగించే నట్టు ఒకటి విప్పుతూ లైన్‌మన్‌కు పట్టుబడతాడు. ఎందుకు విప్పావని దర్యాప్తు మేజిస్ట్రేటు అడుగుతాడు. గాలానికి బరువు కట్టడానికి. సీసం వాడొచ్చుగా? సీసం కొనాలి, మేకు పనికిరాదు, నట్టుకైతే బరువూ ఉంది, దారం కట్టుకోను కంతా ఉంది. తర్వాత ఏ చేప నీటి పైపొరలో తిరుగుతుంది, ఏది అడుగున ఎరను పట్టుకుంటుంది అని ఉత్సాహంగా చెప్పుకుపోతాడు. రైలు పడిపోతే జనం చచ్చిపోరా అంటే దెనీస్ నిర్ఘాంతపోతాడు. ఊరంతా ఏళ్ళ తరబడి విప్పుతూనే ఉంది, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. అయినా తామేమీ తెలివితక్కువవాళ్ళం కాదు, అన్నీ విప్పరు, కొన్ని వదిలేస్తారు.

మేజిస్ట్రేటు శిక్షాస్మృతి 1081వ నిబంధన చదివి వినిపిస్తాడు. దెనీస్ బుర్రలో అప్పటికీ చేపలే. జైలుకు తీసుకుపొమ్మన్నప్పుడు, తనను పట్టుకుపోవడానికి కారణం అన్న కట్టని పన్ను బకాయి అయివుంటుందని అనుకుంటాడు. ఒకడి పాపానికి ఇంకొకడిని శిక్షిస్తారా అని వాదిస్తాడు. చనిపోయిన దొర బతికివుంటే ఈ న్యాయాధికారులకు బుద్ధి చెప్పేవాడంటాడు.

ఇద్దరూ మాట్లాడింది రష్యన్ భాషే. దుబాసీ మాత్రం కావాలి. విదేశీ ఆసుపత్రుల్లో దుబాసీ ద్వారా గోడు చెప్పుకునే ముసలివాళ్ళను చూసినవారికి ఈ కథ ఇట్టే తెలుస్తుంది. రోగి ఐదు నిమిషాలు చెబుతాడు, దుబాసీ ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు, వైద్యుడు ఆ ఒక్క వాక్యానికి మందు రాస్తాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఇక్కడ రావిశాస్త్రిని పక్కన పెట్టి చూడటం న్యాయమే. విశాఖలో వకీలుగా పనిచేసిన ఆయన మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లిన 'ఆరు సారా కథల'లోనూ బోనులో బీదలే ఉంటారు, నవ్వూ నల్లగానే ఉంటుంది. నవ్వు తగిలే చోటు మాత్రం వేరు. 'మాయ' కథలో ముత్యాలమ్మకు న్యాయం ఎలా అమ్ముడుపోతుందో ఎదురుగా కూర్చున్న కుర్రవకీలుకంటే బాగా తెలుసు. ఆమె మాట్లాడుతుంటే పాఠకుడు ఆమె పక్షాన నిలబడి వ్యవస్థను చూసి నవ్వుతాడు. అలా నిలబడటానికి ఒక చోటు ఉంటుంది. దెనీస్ పక్కన ఆ చోటు లేదు. అతడు చెప్పేది నమ్మితే రేపు రైలెక్కడానికి భయపడాలి. మేజిస్ట్రేటును సమర్థిస్తే చేపలు పట్టుకునేవాడిని కఠినశిక్షకు పంపాలి. తెలుగు పాఠకుడికి రావిశాస్త్రి ఇచ్చిన ధర్మాగ్రహం గొప్పది, దానిలో వెచ్చదనం ఉంది. చెకోవ్ దాన్ని కూడా చేతికి ఇవ్వడు. 1888లో ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన ఉత్తరంలో ఈ వైఖరిని ఆయన న్యాయస్థానం పోలికతోనే వివరించాడు. ప్రశ్నను సరిగా వేయడం రచయిత పని, జవాబు చెప్పడం జ్యూరీ పని, ఎవరి అభిరుచినిబట్టి వాళ్ళు చెప్పుకోవచ్చునని.

ఈ వైఖరి సమకాలికులకు నచ్చలేదు. ఆనాటి ప్రముఖ విమర్శకుడు మిఖైలోవ్‌స్కీ 1890లో, ఈ రచయితకు మనిషైనా మనిషి నీడైనా ఒకటేనన్న అర్థంలో దుయ్యబట్టాడు. చల్లని రక్తం, ఏ ఆదర్శమూ లేని చూపు అని ఆరోపణ. నూటముప్పై ఏళ్ళ తర్వాతా అది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. బీదవాడి అజ్ఞానాన్ని చూపించి నవ్వించడంలో చదువుకున్నవాడి అహంకారం ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంది. చెకోవ్ అన్ని కథల్లోనూ దాన్ని తప్పించుకున్నాడని చెప్పడం భక్తి అవుతుంది గాని విమర్శ కాదు.

'శస్త్రచికిత్స' అందుకు ఉదాహరణ. 1884లో, అంటే పట్టా వచ్చిన ఏడే, రాసిన కథ. జిల్లా ఆసుపత్రిలో డాక్టరు పెళ్ళి చేసుకోవడానికి వెళ్ళాడు. కుర్చీలో ఫెల్ద్‌షెర్ కుర్యాతిన్ ఉన్నాడు. ఫెల్ద్‌షెర్ అంటే పూర్తి డాక్టరు కాని వైద్యుడు. మన పల్లెల్లో పాత కాలపు కాంపౌండరుకూ ఈనాటి ఆర్.ఎం.పి. డాక్టరుకూ మధ్య ఎక్కడో నిలబడే మనిషి. పంటినొప్పితో గుడి పరిచారకుడు వొన్మిగ్లాసొవ్ వస్తాడు; వస్తూ కానుకగా ప్రసాదపు రొట్టె తెస్తాడు. శస్త్రచికిత్స ఏమంత కష్టం కాదని, అలవాటే ముఖ్యమని ఫెల్ద్‌షెర్ ఉపన్యాసం ఇస్తాడు. ఫలానా దొరగారి పన్ను తానే పీకానంటాడు. పట్టకారు జారుతుంది, రోగి అరుస్తాడు, పన్ను ఊడిరాదు, చివరికి విరిగిపోతుంది. అంతవరకు ఒకరినొకరు పొగుడుకున్న ఇద్దరూ బండబూతులకు దిగుతారు. పరిచారకుడు చెంప పట్టుకుని, బల్లమీద పెట్టిన తన రొట్టె తాను తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు.

ఆ రొట్టె వెనక్కి తీసుకోవడం అద్భుతం. మిగిలినదంతా కొత్తగా పట్టా పుచ్చుకున్న డాక్టరు, పట్టా లేనివాడిని చూసి నవ్విన నవ్వు. చెమట పట్టిన ఫెల్ద్‌షెర్ వేళ్ళు మాత్రమే కథకు కావాలి. ఆ మనిషి అక్కడ ఎందుకు కూర్చోవలసి వచ్చిందో అక్కర్లేదు. డాక్టరు పెళ్ళికి వెళ్ళడం అక్కడ వట్టి ఏర్పాటు.

రెండేళ్ళ తర్వాత, 1886 జనవరిలో వచ్చిన 'వేదన' కథకు చేరేసరికి ఈ నవ్వు పక్కకు తిరుగుతుంది. మంచు కురుస్తున్న పీటర్స్‌బర్గ్ సాయంత్రం, స్లెడ్జిబండి తోలే ముసలి యోనా పొతాపోవ్. ఆ వారంలోనే కొడుకు చనిపోయాడు. ఎక్కిన ప్రతివాడికీ చెప్పాలని చూస్తాడు. ఈ కథను కరుణరస కథగానే అందరూ గుర్తుపెట్టుకుంటారు; అందులో హాస్యం ఎంత ఉందో మరిచిపోతారు. మొదటి బేరమైన సైనికాధికారి నిజానికి ఆసక్తి చూపిస్తాడు. ఏ జబ్బుతో పోయాడని అడుగుతాడు. యోనా వెనక్కి తిరిగి చెప్పడం మొదలుపెడతాడు: జ్వరం కాబోలు, మూడురోజులు ఆసుపత్రిలో ఉన్నాడు... అంతలో చీకట్లోంచి ఎవడో ఎదురుబండివాడు తిట్టు విసురుతాడు. యోనా ముందుకు తిరగాలి. మళ్ళీ వెనక్కి చూసేసరికి అధికారి కళ్ళు మూసుకున్నాడు. వినాలన్న కోరిక పోవడానికి దుర్మార్గం అక్కర్లేదు, ఒక అంతరాయం చాలు.

రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక వైద్యుడు ఎంతసేపటికి అడ్డు తగులుతాడని 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే అమెరికన్ పరిశోధకులు లెక్కగట్టారు. సగటు 18 సెకన్లు. సైనికాధికారి అంతకంటే ఎక్కువసేపే విని ఉండవచ్చు.

తర్వాత బండెక్కిన ముగ్గురు కుర్రాళ్ళు తాగి ఉన్నారు, ఆలస్యమైందని యోనా వీపుమీద కొడతారు. కొడుకు పోయాడంటే, అందరం పోయేవాళ్ళమేనని వాళ్ళలోని గూనివాడు తేల్చేస్తాడు. పెళ్ళయిందా అని అడిగితే యోనా నవ్వుతాడు. మృత్యువు గుమ్మం పొరబడి తన దగ్గరికి రావలసింది కొడుకు దగ్గరికి పోయిందంటాడు. ఆ కుర్రాళ్ళ మీద అతడికి కోపం లేదు. వీపుమీద పడే దెబ్బలకంటే, వెనక మనుషుల గొంతులు వినిపిస్తున్నాయన్న ఊరట ఎక్కువ. యోనా చెప్పదలచుకున్నది వరసగా ఉంది: కొడుక్కి జబ్బు ఎలా మొదలైంది, ఎంత బాధపడ్డాడు, పోయేముందు ఏమన్నాడు, ఎలా పోయాడు, బట్టలకోసం ఆసుపత్రికి ఎలా వెళ్ళాడు, ఊళ్ళో కూతురు అనీస్య మిగిలివుంది. వైద్యవిద్యార్థులకు నేర్పే రోగచరిత్ర క్రమం ఇదే. చరిత్ర సిద్ధంగా ఉంది, తీసుకునేవాడు లేడు. చివరికి గుర్రం తీసుకుంటుంది. అది గడ్డి నములుతూ వింటుంది, యజమాని చేతుల మీద ఊపిరి వదులుతుంది. ఆ దృశ్యం ఏడిపిస్తుంది. ముసలివాడు గుర్రానికి అర్థం కావడానికి నీకొక పిల్ల ఉందనుకో అని పోలిక చెప్పే చోట నవ్వూ వస్తుంది. పోలిక సరిగ్గా కుదిరింది కూడా.

ఈ నవ్వుకు హద్దు ఎక్కడో చూపించే కథ 1888 నాటి 'నిద్రమత్తు'. పదమూడేళ్ళ వార్కా పగలంతా ఇంటిచాకిరీ చేసి రాత్రంతా యజమాని పసిబిడ్డను ఊపాలి. కథ చివర వార్కా నవ్వుతుంది, పాఠకుడు నవ్వలేడు. తన నిద్రకు అడ్డు బిడ్డేనని కనిపెట్టిన సంతోషంతో నవ్వుతూ ఆ పసివాడి గొంతు నులిమి, హాయిగా నేలమీద పడి నిద్రపోతుంది. ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడినవాళ్ళంతా పనులే చెప్పారు. ఆమెను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. చెర్వ్యకోవ్ కథలోని యంత్రమే ఇక్కడా పనిచేసింది, నవ్వు మాత్రం పాఠకుడి నోట్లోంచి తీసి పాత్ర నోట్లో పెట్టారు.

1890లో చెకోవ్ సైబీరియా అంతా దాటి సఖాలిన్ దీవికి వెళ్ళి ఖైదీలనూ ప్రవాసులనూ ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నించాడు. నింపిన కార్డులు దాదాపు 10,000. 1892 కలరా రోజుల్లో మెలిహొవొ చుట్టుపక్కల 25 గ్రామాలకు, 4 ఫ్యాక్టరీలకు, ఒక మఠానికి జీతం లేని వైద్యుడిగా పనిచేశాడు. అంతమంది చెప్పింది విన్న తర్వాత, 1894లో, మళ్ళీ ఒక ఫెల్ద్‌షెర్‌ను కథలోకి తెచ్చాడు. ఆ కథ 'రోత్‌షీల్డ్ వయొలిన్'.

పల్లెకంటే అధ్వాన్నమైన చిన్న పట్టణం. శవపేటికలు చేసే యాకోవ్‌కు డెబ్భైఏళ్ళు. ఊరి ముసలివాళ్ళు త్వరగా చావరని అతడి చికాకు. నష్టాలన్నీ ఒక పుస్తకంలో రాస్తాడు. పండగరోజుల్లో పని చేయకూడదు, అది నష్టం. పోలీసు అధికారి రెండేళ్ళు క్షయతో తీసుకుంటూ యాకోవ్‌కు ఆశపెట్టి, వైద్యం కోసమని పెద్దపట్టణానికి వెళ్ళి అక్కడ పోయాడు. అలంకరించిన పేటిక పోయింది, కనీసం 10 రూబుళ్ళు నష్టం. ఏడాది నష్టమంతా కూడితే వెయ్యి దాటింది. ఆ వెయ్యిని బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ 40 రూబుళ్ళు, అదీ నష్టమే. రాని సొమ్ముకు రాని వడ్డీని ఖర్చులో రాసుకునే ఈ లెక్క వినగానే నవ్వొస్తుంది. షేర్లు కొననందుకు పోయిన లాభాన్ని ఏళ్ళ తరబడి లెక్కపెట్టుకునేవాళ్ళకు ఆ నవ్వు కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

భార్య మార్ఫాకు జబ్బు చేస్తుంది. ఆసుపత్రిలో డాక్టరు లేడు. 'శస్త్రచికిత్స'లో పెళ్ళికి వెళ్ళినవాడు పదేళ్ళ తర్వాత ఇక్కడ తానే జబ్బుపడి ఉన్నాడు. ఫెల్ద్‌షెర్ మాక్సిం నికొలాయిచ్ చూస్తున్నాడు. తాగినా, తగాదాలు పెట్టుకున్నా డాక్టరుకంటే ఇతడికే ఎక్కువ తెలుసని ఊరివాళ్ళ నమ్మకం. మార్ఫాను చూసి, ముసలమ్మ బతకవలసినంత బతికిందంటాడు. తలకు తడిగుడ్డ, రెండు పొడిమందులు. యాకోవ్ బతిమాలతాడు. కడుపునొప్పి అయితే పొడిమందులు సరే, ఇది జలుబుతో వచ్చినది కదా, కొమ్ములు పెట్టి రక్తం తీయమంటాడు. ఫెల్ద్‌షెర్ అప్పటికే తర్వాతి రోగిని పిలిచేశాడు. చదివేవాడికి ఇతడు విదూషకుడిలా కనిపించడు. బయట వరస ఉంది, గదిలో టైము లేదు, చేతిలో మందు లేదు. ఈ కథ రాసిన చెయ్యి ఆ బల్లకు అవతల కూర్చుని వచ్చింది.

ఇంటికి తెచ్చాక యాకోవ్ ఇనుప కొలబద్ద తెచ్చి, బతికివున్న భార్యను కొలుస్తాడు. పేటిక చేస్తాడు. పుస్తకంలో 2 రూబుళ్ళ 40 కోపెక్కులని పద్దు రాస్తాడు. ఆ రాత్రి మార్ఫా, యాభై ఏళ్ళ కిందట తమకు పుట్టి పోయిన బంగారుజుట్టు పాపను గుర్తుచేస్తుంది, నది ఒడ్డున విల్లో చెట్టు కింద కూర్చుని పాడుకున్న రోజులను గుర్తుచేస్తుంది. యాకోవ్ ఎంత ప్రయత్నించినా గుర్తురాదు. నీకేదో కలవచ్చిందంటాడు. అతడి పుస్తకంలో అన్నీ ఉన్నాయి, ఆ పాప లేదు.

ఆమెను పాతిపెట్టి వచ్చాక నదిఒడ్డున విల్లో చెట్టు కనిపించి పాప గుర్తొస్తుంది. గుర్తొచ్చిన తర్వాతా మనసు లెక్కల్లోనే నడుస్తుంది: ఈ నదిలో చేపలు పట్టివుండవచ్చు, బాతులు పెంచివుండవచ్చు, ఎంత నష్టం. నష్టం అన్న పదం మారలేదు, దాని అర్థం మెల్లగా మారిపోయింది. మనుషులు ఒకరినొకరు ఎందుకు హింసించుకుంటారు, అదెంత నష్టం అన్నప్పుడు ఆ మాట కోపెక్కులను దాటిపోయింది. దుఃఖానికి వేరే భాష తెలియని మనిషి తనకు వచ్చిన ఒక్క భాషలోనే దుఃఖపడుతున్నాడు. కరుణరసం కోసం ఆ మాటను వదిలేసి ఉంటే కథ పాడయ్యేది. తర్వాత తనకే జబ్బు చేసి అదే ఫెల్ద్‌షెర్ దగ్గర అదే తడిగుడ్డ, అవే పొడిమందులు తెచ్చుకుంటూ, దారిలో ఆఖరి లెక్క వేస్తాడు. చస్తే తిండి ఖర్చు లేదు, పన్ను లేదు, ఎవరినీ నొప్పించనక్కర్లేదు. సమాధిలో ఒక ఏడాది కాదు, వేల ఏళ్ళు పడుకోవాలి కాబట్టి లాభం అపారం. లెక్కలో ఎక్కడా తప్పు పట్టలేం.

ఈ కథలో ఇబ్బంది పెట్టే అంశమూ ఉంది. పెళ్ళిమేళంలో యాకోవ్ పక్కన పిల్లనగ్రోవి వాయించే పేద యూదుడికి కోటీశ్వరుడి ఇంటిపేరు తగిలించడం, అతడి శరీరాన్నీ వాసననూ ఏవగింపుతో చూపించడం యాకోవ్ దృష్టి అని సమర్థించుకోవచ్చు. అంతా యాకోవ్‌దేనా, కొంత కథకుడిది కూడానా అన్న అనుమానం తీరదు. ఆ ఏవగింపే లేకపోతే ముగింపుకు బలం లేదన్నది కూడా నిజమే. యాకోవ్ చివరి రోజున గుమ్మంలో కూర్చుని వయొలిన్ వాయిస్తుంటే, మేళానికి పిలవడానికి భయపడుతూ వచ్చిన రోత్‌షీల్డ్, ఇదివరకు తనను తరిమినవాడి పాట వింటూ నిలబడి ఏడుస్తాడు. ఇన్ని కథల్లో ఒక మనిషి చెప్పుకున్నది ఇంకొక మనిషి పూర్తిగా విన్న అరుదైన చోటు ఇది. విన్నది మాట కాదు, సంగీతం. వయొలిన్ రోత్‌షీల్డ్‌కు ఇవ్వమని పూజారితో చెప్పి యాకోవ్ కన్నుమూస్తాడు.

అప్పటినుంచి రోత్‌షీల్డ్ పిల్లనగ్రోవి మానేసి వయొలినే వాయిస్తాడు. యాకోవ్ గుమ్మంలో విన్నదాన్ని గుర్తుచేసుకుని వాయిస్తే విన్నవాళ్ళంతా ఏడుస్తారు. ఆ పాట ఊళ్ళో వర్తకులకూ ఉద్యోగులకూ ఎంత నచ్చిందంటే, పోటీపడి ఇంటికి పిలిపించి ఒక్కొక్కరు పదేసిసార్లు వాయించుకుంటారు. ఇంతకీ ఊరంతా అడిగే ప్రశ్న ఒకటే: అంత మంచి వయొలిన్ ఇతడికి ఎక్కడిది, కొన్నాడా, కొట్టేశాడా, లేక ఎవరైనా తాకట్టు పెట్టిందా అని.